వణకని చక్రం

యంత్రం ఏదైనా వణుకుతుంటే మా బావ చూస్తూ ఊరుకోలేడు. బావ అంటే మా ఆయనే. పెళ్ళికి ముందు నుంచి నోట్లో నానిన పిలుపు, పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా మారలేదు. చేసేది లిఫ్టుల మరమ్మతు. పక్కింటి వాషింగ్ మెషీన్ బట్టలు పిండేటప్పుడు మా గోడ అదురుతోందని, ఎవరూ పిలవకుండానే వెళ్ళి దాని కాలి కింద రబ్బరు ముక్క పెట్టి వచ్చిన మనిషి. అలాంటి మనిషి ఒంటిచక్రం వణకడం మొదలుపెట్టింది. ఇక నాలుగు నెలలపాటు మా ఇంట్లో వేరే మాట లేదు.

ఒంటిచక్రం చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. పేరుకు తగ్గట్టు ఒకటే చక్రం. దానికి రెండు పక్కలా మడత పెట్టే పెడల్స్, లోపల మోటారు, బ్యాటరీ. హ్యాండిలు లేదు, సీటు లేదు, బ్రేకు లేదు. నిలబడి ముందుకు వంగితే వెళ్తుంది, వెనక్కి వాలితే ఆగుతుంది. నాలుగేళ్ళ కిందట బావ దాన్ని ఇంటికి తెచ్చినప్పుడు, ఈ వయసులో ఇదేం సర్కస్ అని నేను మూడు రోజులు మాట్లాడలేదు. కానీ దాని ఉపయోగం ఒప్పుకోవాలి. ఎక్కడో లిఫ్టు ఆగిపోయి జనం ఇరుక్కున్నారని ఫోను వస్తే, కార్లన్నీ సిగ్నల్ దగ్గర హారన్లు కొట్టుకుంటుండగా బావ పనిముట్ల సంచీ వీపుకి తగిలించుకుని పక్కనుంచి జారుకుంటాడు. వెళ్ళాక దాన్ని చేత్తో పట్టుకుని మెట్లెక్కుతాడు. లిఫ్టు ఆగిన చోట మెట్లే కదా గతి.

వణుకు ఎండాకాలంలో మొదలైంది. కాస్త వేగం అందుకోగానే చక్రం కుడికీ ఎడమకీ కొట్టుకుంటోందన్నాడు. టైరులో గాలి తగ్గించాడు. లాభం లేదు. టైరే మార్చాడు. బేరింగు విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించాడు. పెడల్స్ మీద గరుకు పట్టీ అంటించాడు. చివరికి బూట్లు కూడా మార్చాడు. వారానికొక కొత్త అనుమానం. వరండా నిండా విప్పిన మరలు. నేను చీపురు పట్టుకుని అటు వెళ్తే చాలు, దొంగని చూసినట్టు చూసేవాడు.

బావ పద్ధతే అది. లిఫ్టు ఊగుతోందని ఫిర్యాదు వస్తే ముందు అది జారే పట్టాలు చూస్తాడు, తర్వాత తాళ్ళు, తర్వాత మోటారు. ఫిర్యాదు చేసినవాళ్ళకే కళ్ళు తిరిగాయేమో అని ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదట. అలా అనుకున్న రోజు మెకానిక్కు పని మానుకోవాలంటాడు. తప్పు ఎప్పుడూ యంత్రానిదే, ఎక్కినవాళ్ళది కాదు. మంచి నియమమే. దాన్ని పట్టుకునే పప్పులో కాలేశాడు.

నా సంగతి వేరు. నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాను. పంతొమ్మిదేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని నేను చూస్తున్నది రోడ్డు కాదు, జనం కాళ్ళు. కొత్తవాళ్ళ ఎడమ కాలు క్లచ్ మీద గడగడలాడుతుంది. వాళ్ళు మాత్రం బండి వణుకుతోందనే అంటారు. మీ బండిలో ఏదో ఉందండీ, చూపించుకోండి అని నాకే సలహా ఇస్తారు. పది రోజులకి భయం పోతుంది, దాంతోపాటు బండి జబ్బూ కుదురుతుంది. కాబట్టి మనిషి కాలు వణికితే నా కంట పడకుండా పోదు.

ఒక ఆదివారం బావ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఎడమ మడమ నేల మీద చిన్నగా, ఆగకుండా కొట్టుకుంటోంది. ఏదో పాట మనసులో పాడుకుంటున్నాడేమో అనుకున్నాను. పాటైతే ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. ఏమీ తోచక చీపురు తెచ్చి ఆ కాలి పక్కనే ఊడ్చాను. బావ కాలు ఎత్తాడు, వణుకు ఆగింది. కింద పెట్టాడు, కాసేపటికి మళ్ళీ మొదలైంది. పేజీ తిప్పుతున్నాడు, తనకేమీ తెలియడం లేదు.

అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. ఎందుకో చెప్తాను, విన్నాక మీరేమనుకున్నా సరే.

లిఫ్టు బాగుచేసేవాడు లోపల నిలబడి మీటలు నొక్కుతాడని చాలామంది అనుకుంటారు. వాడు పెట్టె నెత్తికెక్కుతాడు. చీకటి గొట్టంలో, గజం వెడల్పు రేకు మీద, ఒక దూలానికి కాలు తన్నిపెట్టి, పట్టాలు తడుముకుంటూ నెమ్మదిగా పైకి పోతాడు. పక్కనంతా ఖాళీ. నడుముకి బెల్టు ఉంటుంది, నిజమే. కానీ దాని కొక్కెం ఒకచోట విప్పి ఇంకోచోట తగిలించుకునే ఆ కాస్తసేపూ కాళ్ళే దిక్కు. బావ కాలు వణుకుతోందని తెలిస్తే కంపెనీవాళ్ళు మళ్ళీ పైకెక్కనివ్వరు. ఎక్కనివ్వకూడదు కూడా. పైకెక్కని బావ ఎలా ఉంటాడో నాకు ఊహకందలేదు. ఆ పని తప్ప ఇంకేదీ అంత ఇష్టంగా చేయగా నేను చూడలేదు. వణికేది చక్రమే అన్నంతకాలం అది కొత్తది కొంటే పోయే జబ్బు. అందుకని నేనూ చక్రాన్నే తిట్టాను. ముసలిదైపోయింది బావా, మార్చెయ్ అన్నాను. ఆ మాట నోటి వెంట ఎంత సులువుగా వచ్చిందో.

డ్రైవింగ్ కారులో నా కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఒకటి ఉంటుంది. నేర్చుకునేవాళ్ళకి తెలియకుండా నా కాలు ఎప్పుడూ దాని మీదే. ఇంట్లోనూ అదే పని మొదలుపెట్టాను. బల్బు మార్చాలంటే బావ కంటే ముందు నేనే స్టూలెక్కాను. అటక మీద సామాను నేనే దించాను. ఏమిటింత హుషారు అని ఎగతాళి చేశాడు. లిఫ్టు గొట్టంలో మాత్రం నా కాలికి అందే బ్రేకు ఏదీ లేదు. పొద్దున బయల్దేరేటప్పుడు, ఇవాళ పైన పనా, కింద పనా అని అడిగేదాన్ని. కింద అంటేనే నాకు ఆ పూట ముద్ద దిగేది.

ఇక కొత్త చక్రం ఎంపిక. బావ కొనడం అంటే ఊరికే కొనడం కాదు, పెళ్ళిసంబంధం చూసినంత పని. సాయంత్రం ఇంటికి రాగానే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోనులో వీడియోలు పెట్టేవాడు. సన్న టైరుది చురుకైనదట, సందుల్లో ఇట్టే తిరుగుతుందట, కానీ వేగంలో చపలచిత్తం. వెడల్పు టైరుది మొండిది. తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి, కానీ తిన్నగా పోతున్నప్పుడు గుంత వచ్చినా లెక్కచేయదు. మరి మా బావకేమో వేగమూ కావాలి, నిలకడా కావాలి. రెండూ ఒకదాంట్లో దొరకవు కదా అన్నాను. దొరుకుతాయంటూ ఎంతో ఓపికగా వివరించాడు. ఒంటిచక్రం మీద మనిషిని పడకుండా నిలబెట్టేది మోటారు బలమే. ఉన్న బలమంతా పరుగుకే ఖర్చయిపోతే నిలబెట్టడానికేమీ మిగలదు, మనిషి బోర్లా పడతాడు. పాతది పాతిక దాటగానే అందుకే కీచుమని అరుస్తుంది, వినకపోతే పెడల్స్ ముందు అంచు పైకి లేపి వెనక్కి నెడుతుంది. పెద్దదానికి యాభైలో పోతున్నా ఇంకా బలం చేతిలో ఉంటుంది. ఎంత చక్కగా చెప్తాడో. వింటున్నంతసేపూ చూపు అతని కాలి మీదకి పోకుండా, బలవంతాన మొహంలోకే చూశాను.

చివరికి పెద్దదాని మీద మనసు కుదిరింది. ఆదివారం పొద్దున, పాతదాన్ని మార్పిడికి ఇద్దామని కారు డిక్కీలో వేసుకుని షాపుకి వెళ్ళాం. షాపు నడిపే ఆవిడకి నా వయసే ఉంటుంది. మోచేతుల నిండా పాత దెబ్బల మచ్చలు, మాటలో తొందర లేదు. బావ బరువెంత, రోజూ ఎంత దూరం, రోడ్లెలాంటివి అని అడిగింది. మెట్లెక్కించాలా అంది. రోజూ అన్నాడు బావ. ఇది ముప్పై ఐదు కిలోలు, పాతది మీకు దీని ముందు చేతిసంచీ, ఎత్తి చూడండి అంది. బావ ఎత్తాడు. మెడ మీద నరం లేచింది కానీ నవ్వు చెదరలేదు.

షాపు వెనక కార్లు లేని పార్కింగు స్థలం ఉంది, నున్నటి సిమెంటు నేల. ముందు పాతదాని మీద ఒక చుట్టు వెళ్ళి రమ్మంది ఆవిడ. వెళ్ళాడు. దూరం నుంచే కనిపించింది, చక్రం తోక కొట్టుకుంటూ పోయింది. మోకాళ్ళు బిగబట్టకండి, వదులుగా ఉంచండి అని అరిచింది. బావ వదులు చేశాడు, వణుకు ఇంకా ఎక్కువైంది. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. పెద్దదాన్ని తెచ్చి ఇచ్చింది.

మొదటి చుట్టు జాగ్రత్తగా, గోడ పక్కనే తిరిగాడు. రెండో చుట్టుకి వేగం అందుకున్నాడు. స్కేలు పెట్టి గీత గీసినట్టు వెళ్ళింది. ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ వెనక్కి, ఒక్క చోట కూడా తొణకలేదు. మొహం చేటంత చేసుకుని మా ముందు నుంచి పోతూ, "చూశావా, చక్రమే" అన్నాడు. నాలుగు నెలలుగా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు. నాకూ ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. నిజంగా చక్రమేనేమో అనుకున్నాను. ఆ ఒక్క చుట్టు పూర్తయ్యేదాకా అనుకున్నాను.

తర్వాత అలవాటు చొప్పున కాళ్ళ వైపు చూశాను. ఎడమ మడమ కొట్టుకుంటూనే ఉంది. ఇంట్లో కుర్చీ దగ్గర చూసినట్టే, చిన్నగా, ఆగకుండా. ఆ బరువుకి, ఆ వెడల్పు టైరుకి, మధ్యలో ఉన్న స్ప్రింగులకి బావ కాలు చెప్పేది చెవికెక్కడం లేదు, అంతే.

నేను కోరుకున్నది ఇదే కదా. కొంటే పోయే జబ్బే అయింది. షాపావిడ రసీదు పుస్తకం తీస్తోంది. నేను నోరు మూసుకుని ఉంటే బావ ఈ సంతోషంతోనే ఇంటికొస్తాడు. కానీ ఇక ముందు ఆ వణుకు సంగతి చెప్పేది ఏదీ ఉండదు. ఇన్నాళ్ళూ పాత చక్రం ఒక్కటే నిజం చెప్తూ వచ్చింది, దాన్ని మేమిద్దరం కలిసి ముసలిదన్నాం. రేపు సోమవారం, పద్నాలుగు అంతస్తుల మేడలో తాళ్ళు మార్చే పని. కాలి మీద ఏ అనుమానమూ లేకుండా, హుషారుగా ఎక్కుతాడు.

నడుస్తున్న బండిలో తప్పు చెప్పకూడదని మా స్కూల్లో నియమం. పక్కకి ఆపించి, ఇంజను కట్టేశాక చెప్పాలి. చెయ్యి ఎత్తి ఆపాను. మోకాళ్ళకి రక్షణ పట్టీలు కట్టుకోవడానికి అక్కడో పొట్టి స్టూలు ఉంటే చక్రం పక్కకి లాగాను.

"బావా, దాన్ని ఆపేసి ఇక్కడ కూర్చో. ఎడమ కాలు పెడల్ మీద పెట్టు."

"ఎందుకే?"

"పెట్టు, చెప్తాను."

నా చాదస్తానికి నవ్వుకుంటూ కూర్చున్నాడు. చక్రం ఆగిపోయి, స్టాండు మీద కదలకుండా ఉంది. బావ కాలు పెట్టాడు. కాసేపటికి పెడల్ కీలు దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది.

బావ వెంటనే వంగి కీలు చూశాడు. చూడకుండా ఎలా ఉంటాడు. దీని పిన్ను వదులుగా ఉందండీ, స్పానరుందా అని షాపావిడని అడిగాడు. ఆవిడ తెచ్చిచ్చింది. బిగించాడు, మళ్ళీ కాలు పెట్టాడు. టకటక. కాలు తీశాడు, ఆగింది. కుడి కాలు పెట్టాడు. నిశ్శబ్దం. ఎడమది పెట్టాడు. టకటక. అప్పుడు లేచి, స్టూలు ఎత్తుకుని, చక్రం అవతలి పక్కకి వెళ్ళాడు. అటువైపు పెడల్ మీద కుడి కాలు పెట్టి చూశాడు, తర్వాత ఎడమ కాలు పెట్టాడు. చప్పుడు అక్కడికీ వచ్చింది. నాకు తెలిసి బావ ఇంత నెమ్మదిగా ఏ పనీ చేయలేదు. ఒక్కొక్కటే పక్కకి తీసేస్తూ వెళ్ళాడు, చివరికి తీయడానికి వేరే ఏమీ మిగల్లేదు. షాపావిడకి అర్థమైంది. రసీదు పుస్తకం మూసి, ఫోనేదో వచ్చినట్టు లోపలికి వెళ్ళిపోయింది.

"పెడల్‌ది కాదు" అన్నాడు.

కాదన్నాను. ఎప్పట్నుంచి తెలుసని అడిగాడు, నా వైపు చూడకుండా. ఎండాకాలం నుంచి అన్నాను. చక్రందైతే బాగుండును అనుకున్నానని, నువ్వు అంటుంటే నమ్మేద్దామనుకున్నానని, నువ్వు ఆ పని మానేస్తే ఎలా ఉంటావో తలుచుకుని భయమేసిందని, అన్నీ కలగాపులగంగా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"ఆ రేకు మీద నేనొక్కణ్ణే ఉండను" అన్నాడు. "పొడుగాయన కూడా ఉంటాడు. నేను తూలితే పట్టుకునేది వాడు. నాతోపాటు వాడూ పోయేవాడు."

పొడుగాయనంటే పదకొండేళ్ళుగా బావతో జోడీగా పనిచేస్తున్న మెకానిక్కు. మా ఇంటికి వస్తే గుమ్మం దగ్గర తల వంచుకుని నవ్వుతూ లోపలికొస్తాడు. ఇద్దరు పిల్లల తండ్రి. ఈ నాలుగు నెలల్లో నేను పడ్డ భయాల్లో ఒక్కదాంట్లో కూడా అతను లేడు. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

బావ ఫోను తీశాడు. పొడుగాయనకే చేశాడు. లిఫ్టులో లోపం చెప్పేటప్పుడు ఎలా చెప్తాడో అదే గొంతుతో, హెచ్చూ తగ్గూ లేకుండా చెప్పాడు. "రేపు నేను పైకెక్కను. ఎడమ కాలు వణుకుతోంది. కారణం ఇంకా తెలియదు. తెలిసేదాకా కిందే ఉంటాను." అవతల అతనేమన్నాడో నాకు వినిపించలేదు. బావ రెండుసార్లు ఊ కొట్టి, ఆఫీసుకి కూడా నేనే చెప్తాలే అని పెట్టేశాడు. షాపావిడ దగ్గరికెళ్ళి, మీ చక్రం చాలా బాగుందండీ, వంక పెట్టడానికేమీ లేదు, ఇప్పుడు తీసుకోలేను అన్నాడు. ఆవిడ ఎందుకని అడగలేదు. పాతదాన్ని తనే తెచ్చి మా డిక్కీలో పెట్టింది.

కారెక్కాం. తాళం తిప్పబోతుంటే బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీశాడు. ఏ లిఫ్టు చెడినా అందులో రాసుకుంటాడు: మొదట ఎప్పుడు కనిపించింది, ఏం చేస్తుండగా, ఎంతసేపు, ఎప్పుడు ఆగింది. కొత్త పేజీ తిప్పాడు. పైన మేడ పేరు రాసే చోట ఏం రాయాలో ఒక్క నిమిషం ఆలోచించి, 'నేను' అని రాశాడు.

"డాక్టరు ఇవన్నీ అడుగుతాడు. నాకేమీ తెలియదు, చూసింది నువ్వు. చెప్పు. తగ్గించి చెప్పకు."

చెప్పాను. పేపరు చదివిన ఆదివారం దగ్గర మొదలుపెట్టాను. భోజనం దగ్గర, టీవీ ముందు, గడ్డం గీసుకుంటూ కూర్చున్నప్పుడు. నడుస్తుంటే ఉండదు, కూర్చుని కాసేపయ్యాక మొదలవుతుంది. కోపమొస్తే ఎక్కువవుతుంది. గత నెల నుంచి ఎడమ చేతి బొటనవేలు కూడా, అది ఎప్పుడో ఒకసారి. బావ తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు, ఒక్కోసారి రోజూనా, వారానికొకసారా అని ఆపి అడుగుతున్నాడు. అక్షరాలు మాత్రం ఎప్పట్లాగే గుండ్రంగా పడుతున్నాయి.

"నిద్రలో?" అన్నాడు.

"నిద్రలో ఉండదు. పూర్తిగా ఆగిపోతుంది."

"నీకెలా తెలుసు?"

"ఆదివారాలు మధ్యాహ్నం నువ్వు పడుకున్నప్పుడు చూశాను."

"ఎంతసేపు చూశావు?"

లిఫ్టు గురించి అడిగినట్టే అడిగాడు, ఆ గడి నింపాలి కాబట్టి. రోడ్డు మీద ఎవరో హారన్ కొట్టారు, మేం దారికి అడ్డంగా ఉన్నాం కాబోలు.

"నువ్వు లేచేదాకా" అన్నాను. "ప్రతి వారం."

పెన్ను ఆగింది. అది మాత్రం బావ రాసుకోలేదు.